వాగ్ద్వారమున కావలి

హైదరాబాదు పాతబస్తీలో దబీర్‌పురా అను పేట కలదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నెలకొల్పిన ఆ నగరమునకు 18వ శతాబ్దమున చుట్టును రాతి ప్రాకారము కట్టబడినది. దానికి 13 దర్వాజాలు, 13 ఖిడ్కీలు ఉండెడివి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి ఆ ప్రాకారమును కొన్నిచోట్ల కూల్చినది. మిగిలినదానిలో పెక్కుభాగము తరువాతి కాలమున తొలగింపబడినది. నేడు ఆ 13 దర్వాజాలలో నిలిచియున్నవి రెండే. ఒకటి పురానాపూల్ దర్వాజా. రెండవది దబీర్‌పురా దర్వాజా. గోడ పోయినది, ద్వారము మిగిలినది. నేడు ఆ కమాను క్రింద నిలిచి "ఎవరు నీవు? ఏ పనిమీద పోవుచున్నావు?" అని అడుగువాడు లేడు. వచ్చునది వచ్చును, పోవునది పోవును.

మానవుని నోరును ఇట్టి ద్వారమే. లోన పుట్టిన భావమెల్ల ఆ త్రోవనే వెలికి వచ్చును. మనస్సు శాంతముగా నున్నప్పుడు బుద్ధి యనెడి కావలివాడు అచ్చట నిలిచి, "ఈ మాట సత్యమా? హితమా? ఇప్పుడు పలుకదగినదా?" అని విచారించి పంపును. కోపము వచ్చినప్పుడో, అందరికంటె ముందు పారిపోవువాడు ఆ కావలివాడే. అప్పుడు తలుపులు బార్లా తెరచియుండును. ఏ మాట ముందు వచ్చిన ఆ మాట వెలికి దుముకును. ఫారసీ భాషలో దబీరనగా లేఖకుడు. లేఖకుడు తాను వ్రాసిన మాట తగదని తోచినచో కొట్టివేసి మరల వ్రాయగలడు. పలికినవానికి ఆ అవకాశము లేదు.

అట్లయిన, కోపము వచ్చినవేళ వాగ్ద్వారమున కావలి నిలుపుట ఎట్లు? "కోపపడకుము" అని చెప్పుట సులభము. మండుచున్న మనస్సునకు మనస్సుతోనే బుద్ధి చెప్పబోవుట మంటను మంటతో ఆర్పబోవుట వంటిది. కావుననే పెద్దలు మనస్సును నేరుగా పట్టుకొనుమనలేదు. దానికి తోడుగా నడచు రెండింటిని పట్టుకొనుమనిరి. ఒకటి శ్వాస; రెండవది అడుగు.

ద్వారమున జరిగిన కలహమునకు శ్రీమద్భాగవతము తృతీయస్కంధమున గల వైకుంఠద్వార వృత్తాంతమును మించిన ఉదాహరణము లేదు. సనకాది మహర్షులు నలువురును శ్రీమన్నారాయణుని దర్శింపగోరి వైకుంఠమునకు వచ్చిరి. ఆరు ద్వారములు దాటిరి. ఏడవ ద్వారమున జయవిజయులు వారి పసిరూపమును చూచి, మహిమ నెరుగక, బెత్తములడ్డుపెట్టి నిలిపిరి. పరబ్రహ్మానుభవమున తేలియాడు ఆ మహర్షులకును కోపము వచ్చినది. వారి నోట శాపము వెలువడినది. ద్వారపాలకులు వెంటనే పాదములపై పడిరి; అయినను పలికిన మాట పలికినదే. ఆ ఒక్కమాట తీరుటకు జయవిజయులు హిరణ్యాక్ష హిరణ్యకశిపులుగను, రావణ కుంభకర్ణులుగను, శిశుపాల దంతవక్త్రులుగను మూడు జన్మములెత్తవలసివచ్చినది. సనకాదులకే కోపము తప్పలేదనినచో, సంసారి తనకు కోపము వచ్చినదని సిగ్గుపడి లాభము లేదు. దానిని గుర్తించుటయే మొదటి పని.

తరువాతి ఘట్టమును భక్తులు నిదానముగ గమనింపవలెను. ఆ గలభా తెలిసినంతనే స్వామి ఏమి చేసెను? గరుడుని పిలువలేదు; చక్రమును పంపలేదు. లక్ష్మీసమేతుడై తన పాదములతో నడచి వచ్చెను. మునులు ఏ పాదములకై జన్మమంతయు వెదకుదురో ఆ పాదములు తామే కదలి ద్వారము కడకు వచ్చినవి. మునులు వంగి నమస్కరించిరి. ఆ సమయమున స్వామి పాదముల తులసి పరిమళమును మోసికొని వచ్చిన గాలి వారి నాసికలలో ప్రవేశించినది. అంతట వారి మేను పులకించినది, మనస్సు కరగినది. ఆ పిమ్మటనే వారికి పశ్చాత్తాపము కలిగినది. తమ శాపము తగనిదైనచో తమనే దండింపుమని వేడుకొనిరి. స్వామియు, "సేవకులు చేసిన అపరాధము నాదియే" యని పలికెను.

ఈ క్రమము గమనింపదగినది. మొదట నడక, తరువాత వంగిన శిరస్సు, ఆపైన లోనికి వెళ్ళిన గాలి, చివరకు మాట. తగవులాడు సంసారులలో ఈ క్రమము తలక్రిందుగ నుండును. మొదట మాట వచ్చును. నమస్కారము సంగతి ఏనాటికో!

భగవద్గీత ఐదవ అధ్యాయమున గీతాచార్యుడు కామక్రోధములను గూర్చి చెప్పుచు "వేగము" అను మాటను ప్రయోగించెను. ఈ శరీరముండగనే ఆ వేగమును ఓర్చుకొనగలవాడే యోగియనియు, వాడే సుఖియనియు భావము. ఆ అధ్యాయము ముగియుచుండగా, నాసికలలో సంచరించు ప్రాణాపానములను సమముగ నడపువాని కోరిక, భయము, క్రోధము తొలగునని ఉపదేశించెను. వేగము అనుటలోనే మర్మమున్నది. పల్లమున పరుగిడు బండిని ఒక్కసారిగ ఆపబోయినచో ఇరుసు విరుగును. పగ్గము పట్టి క్రమముగ నెమ్మదింపజేయవలెను. కోపమునకు శ్వాసయే పగ్గము. పతంజలి మహర్షియు యోగసూత్రముల మొదటి పాదమున, చిత్తము చెదరినప్పుడు దుఃఖము, దిగులు, దేహకంపము, అదుపుతప్పిన ఉచ్ఛ్వాసనిశ్వాసలు తోడుగా వచ్చునని చెప్పి, శ్వాసను నిదానముగ వెలికి విడిచి నిలుపుటను చిత్తప్రసాదమునకు ఒక ఉపాయముగ సూచించెను.

అయితే ప్రతి నడకయు శాంతినీయదు. దీనికి శ్రీమద్రామాయణము కిష్కింధాకాండము సాక్షి. వానకాలము గడచినను సుగ్రీవుడు మాట నిలుపుకొననందున రాముడు లక్ష్మణుని పంపెను. పంపుచు, పరుషములు విడిచి సామముగ పలుకుమని హెచ్చరించెను. కాని లక్ష్మణుడెట్లు నడచెను? దారిలోని సాలవృక్షములను, తాళవృక్షములను కూల్చుచు, పాదములతో రాళ్ళను ముక్కలు చేయుచు, అంగలు సాచి వేగముగ నడచెను. ఆ నడకలో కోపము తరుగలేదు, పెరిగినది. అంతఃపురము చేరి, లోపలి స్త్రీల అందెల సవ్వడి వినబడగా లజ్జతో ఒకవైపున ఒదిగి నిలిచెను. తార యెదుటికి రాగానే ముఖము వంచెను. అప్పుడు కోపము కొంత వెనుకంజ వేసినది. ఆమె, "రాజకుమారా! ఈ కోపమునకు మూలమేమి?" యని మృదువుగ అడిగెను. సుగ్రీవునితో మరల పరుషముగ మాటలాడినను, తార నచ్చజెప్పిన పిమ్మట లక్ష్మణుడు చల్లబడి, అన్నగారి శోకమును చూచి పలికిన కఠినోక్తులను క్షమింపుమని సుగ్రీవునే కోరెను. స్వామి నడకకును, లక్ష్మణుని నడకకును భేదము వేగమునందే యున్నది. గదిలో విసవిస పచార్లు చేయుటయు, తలుపులు ధడాలున వేసి పోవుటయు లక్ష్మణుని నడక. కోపము తీరుటకు కావలసినది ఆ నడక కాదు.

ఇక గృహమునకు వత్తము. దబీర్‌పురా దర్వాజాకు కూతవేటు దూరమున, ఇరుకు సందులో, ఒక పాత ఇంటిని పాఠకులు భావింతురు గాక. పెద్దకుమారుడు తల్లితో ఆ ఇంటనే యున్నాడు. చిన్నకుమారుడు ఉద్యోగరీత్యా పరదేశమున నుండి నాలుగేండ్లకు వచ్చినాడు. ఎనుబదేండ్ల తల్లి లోపలి గదిలో పడుకొని యున్నది. చిన్నవాడనెను: "అన్నయ్యా, ఈ గోడలు ఇంకెన్నాళ్ళు నిలుచును? అమ్మివేసి లిఫ్టున్న అపార్టుమెంటు కొనుట మంచిది. అమ్మకును సుఖముగ నుండును." ఆ మాటలో దోషము లేదు. కాని పెద్దవాని చెవికి అది మరొక విధముగ వినబడినది. తండ్రికి మందులిచ్చినవాడు తాను. ఆసుపత్రిలో రాత్రులు మేల్కొన్నవాడు తాను. ఇప్పుడు తల్లి సుఖమును గూర్చి తనకు పాఠము చెప్పువాడు వీడు! "నాన్నగారిని పాడెపై మోసిననాడు నీవెక్కడ నుంటివి?" అను మాట నాలుక చివరకు వచ్చినది.

ఆ మాట అబద్ధము కాదు. కాని సత్యమును రాయివలె విసరినప్పుడు అది తగిలినవాని తల పగులును. సత్యమునకు గౌరవము మిగులదు. అది వెలువడినచో అన్నదమ్ముల నడుమ అది ఎన్నేండ్లకును తీరదు. పైగా లోపలి గదిలో తల్లి వినుచున్నది.

ఆ క్షణమున పెద్దవానికి ముందుగ తెలిసినది తన కోపము కాదు, తన దేహము. ముక్కుపుటము లదరినవి. ఊపిరి ఎదపైభాగముననే కొట్టుకొనుచున్నది. పిడికిలి బిగిసినది. నిత్యము సంధ్యవార్చి ప్రాణాయామము చేయువాడు గనుక శ్వాస దారి తప్పినదని గుర్తించినాడు. "తమ్ముడూ, నీ మాట వింటిని. ఒక్క పది నిమిషములాగుము. కాళ్ళు కడుగుకొని వచ్చెదను" అని లేచినాడు. కుళాయి కడకు పోయి పాదములపై చన్నీళ్ళు పోసికొన్నాడు. ముమ్మారు ఆచమనము చేసినాడు. పిమ్మట సందువెంట దర్వాజా వరకు నడచినాడు. మొదటి అడుగులు తొందరగనే పడినవి. మనస్సు ఇంకను ప్రత్యుత్తరములు కూర్చుచునే యున్నది. అతడు అడుగును శ్వాసకు కట్టినాడు. రెండడుగులకు లోనికి, నాలుగడుగులకు వెలికి. లోనికి పోవునప్పుడు ఒకసారి, వెలికి వచ్చునప్పుడు రెండుసార్లు మనస్సున నారాయణ నామము. దర్వాజా క్రింద ఒక ఆటో, ఒక తోపుడుబండి ఎదురెదురుగ చిక్కుకొని యున్నవి. రెండును ముందుకే రాదలచినంతసేపు ఏదియు కదలలేదు. తోపుడుబండివాడు నాలుగడుగులు వెనుకకు లాగినంతనే రెండింటికిని దారి దొరికినది. అతడు చూచి వెనుదిరిగినాడు.

ఇంటికి వచ్చి తమ్మునికి ఎదురుగ గాక ప్రక్కన కూర్చుండి, "నాన్నగారి చివరి దినములలో నేను ఒంటరినైతిని. ఆ భారము నేటికిని దిగలేదు. ఇల్లు అమ్ముమాట వినగానే అదియే లేచినది" అనినాడు. తమ్ముడు అంతవరకు తాను పంపిన ధనపు లెక్కలు మనస్సున సిద్ధము చేసికొనుచుండెను. ఆ లెక్కలకు పని లేకపోయినది. కొంతసేపటికి, "రాలేకపోయిన ఆ రాత్రి నేనును నిద్రపోలేదన్నయ్యా" అనినాడు. ఆ సాయంకాలము ఇంటి సంగతి తేలలేదు. కాని ఇద్దరికిని ఒకేసారి ఒక విషయము స్ఫురించినది. అమ్మను ఇంతవరకు ఎవరును అడుగలేదు! ఇద్దరును లేచి లోపలి గదిలోనికి పోయిరి.

పెద్దవాడు విడిచినది సత్యమును కాదు, రాయిని మాత్రమే. గీత పదునేడవ అధ్యాయమున వాఙ్మయ తపస్సును చెప్పుచు భగవానుడు ఇతరులకు ఉద్వేగము కలిగింపనిదియు, సత్యమును, ప్రియమును, హితమునైన పలుకును నిర్దేశించెను. సత్యము ఒక్కటే యుండి తక్కినవి లేనిచో అది తపస్సు కాదు.

ఈ అభ్యాసము గృహస్థునకు కొత్తది కాదు. సంధ్యావందనమున ప్రాణాయామము నిత్యవిధి. ఇంటి ఇల్లాలు తులసికోట చుట్టును చేయు ప్రదక్షిణము, ఆలయమున చేయు ఆత్మప్రదక్షిణము, సాష్టాంగ నమస్కారము—ఇవన్నియు దేహమును నెమ్మదింపజేయు కదలికలే. ప్రదక్షిణము పరుగున చేయరాదని పెద్దలు చెప్పుట యిందులకే. తిరుమలకు అలిపిరి దారిని మెట్లెక్కి పోవు యాత్రికులకు ఇది అనుభవమే. మోకాళ్ళపర్వతము కడ ఊపిరంతయు "గోవిందా" యనుటకే సరిపోవును; ఇంటినుండి తెచ్చుకొన్న తగవునకు మిగులదు. అచ్చట అడుగు, శ్వాస, నామము మూడును ఒకటియగును. ఆ మూటిని కొండదిగునప్పుడు అచ్చటనే విడిచి రాక ఇంటికి తెచ్చుకొనుటయే యాత్రాఫలము.

నేటి వైద్యశాస్త్రమును దీనిని కాదనదు. శ్వాస విడుచునప్పుడు గుండె కొంత నెమ్మదించును. మెదడునుండి గుండెకు దిగివచ్చు వేగస్ అను నాడి అందుకు కారణము. విశ్రాంతిగా నున్న పెద్దవారు నిమిషమునకు సుమారు 12 నుండి 20 మార్లు శ్వాసింతురు. ఇటలీ దేశపు వైద్యుడు లూచియానో బెర్నార్డియు, ఆయన సహచరులును 23 మందిని పరిశీలించి 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసము ప్రకటించిరి. క్రైస్తవుల జపమాల ప్రార్థన చేసినను, మంత్రజపము చేసినను శ్వాస నిమిషమునకు సుమారు 6కు దిగుననియు, గుండెలయ అందుకు అనుగుణముగ కుదురుకొనుననియు అందు తెలిపిరి. భగవన్నామము ఆరోగ్యము కొరకే కాదు. ఐనను నామము దేహమునకును మేలు చేయునని తెలియుట సంతోషకరము.

నిరాకరణమును సహించి నడచినవారిలో భగవద్రామానుజులు (1017–1137) అగ్రగణ్యులు. మంత్రరహస్యార్థమును పొందుటకై వారు శ్రీరంగమునుండి తిరుక్కోట్టియూరు నంబి సన్నిధికి 18 పర్యాయములు నడచిరని సంప్రదాయము చెప్పుచున్నది. ప్రతి పర్యాయమును "మరల రమ్ము" అను మాటయే. ఒక పరుషవాక్యము వారి నోట రాలేదు. తుదకు పొందిన అర్థమును అందరికిని వెల్లడించినందుకు గురువు కోపించి నరకము తప్పదనగా, "ఇందరు తరించునప్పుడు నేనొక్కడను నరకమున కేగుదును" అని శాంతముగ విన్నవించిరి. కోపించిన గురువే "ఎంబెరుమానార్" అని కౌగిలించుకొనెను. పదునెనిమిది నడకలు నడచినవాని మాటకు గల బలమది.

గృహస్థులు జ్ఞప్తియందుంచుకొనవలసిన నియమములు కొన్ని కలవు. మాట నడుమ లేచిపోవునప్పుడు తిరిగి వత్తునని చెప్పి లేవవలెను. చెప్పక పోవుట ఎదుటివానికి మరొక అవమానము. చెప్పిన వేళకు తిరిగి రావలెను. రానిచో అది శాంతి కాదు, పలాయనము. లేచుటకు వీలులేనిచోట కూర్చున్నచోటనే పాదములను నేలపై మోపి, పిడికిలి విప్పి, మూడు దీర్ఘనిశ్వాసములు విడిచిన పిదప మాటలాడవలెను. హృద్రోగులు, ఉబ్బసము కలవారు శ్వాసను బిగబట్టరాదు. మెల్లగ విడుచుట చాలును. కుంభకమును గురుముఖమున నేర్చుకొనవలెను. ఇది నిత్యము అలవడి యుండవలెను. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వబూనుట వ్యర్థము.

మరియొక మాట. శాంతముగ నుండుట అన్యాయమును దిగమ్రింగుట కాదు. కౌరవసభకు రాయబారిగ వచ్చిన శ్రీకృష్ణుడు శాంతముగనే పలికెను. కాని పాండవుల పక్షమున న్యాయమును వదలుకొనలేదు. ఎదుటివాడు చేయి యెత్తుచోట నిలిచి ఊపిరి లెక్కించుట ధర్మము కాదు; అచ్చటినుండి తొలగి రక్షణ పొందుటయే ధర్మము. అట్లే తన శాంతమును చూపి ఎదుటివానిని చిన్నబుచ్చుటయు కోపమునకు మరొక రూపమే.

ముక్కోటి ఏకాదశినాడు జియాగూడ శ్రీరంగనాథస్వామి ఆలయమున ఉత్తరద్వార దర్శనమునకై హైదరాబాదు భక్తులు తెల్లవారకమునుపే బారులు తీరుదురు. ఆ వరుసలో అడుగు వెనుక అడుగు వేయుచు, తొందర విడిచి, నామము పలుకుచు ద్వారము చేరువారికి స్వామి దర్శనమిచ్చును. ఇంటిలో కఠినమైన మాట యెదురైన ప్రతిదినమును అట్టి ద్వారమే. అచ్చట నిలిచి ఒక శ్వాస విడిచి, ఒక అడుగు వెనుకకు వేసినచో, స్వామి తానే నడచి వచ్చి తులసిగాలిని పంపును. ఆ వైకుంఠనాథుడు భక్తుల వాగ్ద్వారములందు తానే కావలియై నిలిచి, ఇంటింట అన్నదమ్ములను, అత్తాకోడండ్రను, తల్లిబిడ్డలను ఒక్కచోట కూర్చుండబెట్టి మాటలాడించుగాక!